తీరపు ఇసుక దిబ్బలు, వాటి అడవిపూలు

ఇచ్ఛాపురం నుంచి తడ వరకు సాగే ఆంధ్ర తీరం పొడవు 974 కిలోమీటర్లని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెబుతూ వచ్చాయి. కొలిచే పద్ధతి మారాక ఆ లెక్క వెయ్యి దాటింది. పొడవు ఎంతైనా, ఈ వ్యాసానికి సంబంధించిన నేల వెడల్పు మాత్రం బహు తక్కువ. పోటు నీళ్ళు చేరే చివరి గీత దగ్గర మొదలై, సరుగుడు తోటో, రోడ్డో, రొయ్యల చెరువో, ఊరో అడ్డం వచ్చేదాకా ఉండే ఇసుక పట్టీ అది. చాలాచోట్ల కొన్ని పదుల మీటర్లే ఉంటుంది, కొన్నిచోట్ల బొత్తిగా ఉండదు. ఆ పట్టీని విడిచి బతకలేని పూల మొక్కలు కొన్ని ఉన్నాయి. వాటి ఆకు, పువ్వు, కాయ ఎలా ఉంటాయో వృక్షశాస్త్ర గ్రంథాలు రెండు శతాబ్దాలకు పైగా రాస్తూనే ఉన్నాయి. వాటి నివాసం గురించిన ఆలోచన మాత్రం అటవీ పథకాల్లోనూ తీరరక్షణ పథకాల్లోనూ పెద్దగా కనబడదు. ఇసుక దిబ్బను ఖాళీ జాగాగా లెక్కగట్టడం వల్లనే ఈ పూలు అరుదైపోతున్నాయి. వాటిని నిలబెట్టుకోవాలంటే మొక్క కన్నా ముందు ఇసుకను, ఇసుకతో పాటు దాని కదలికను కాపాడాలి. ఈ వ్యాసం నిలబెట్టదలచిన వాదన ఇదే.

దిబ్బ మీద మొదట కనబడేది బాలబందు తీగ. చెవులపిల్లి తీగ అని కూడా అంటారు. ఆకు మధ్యలో చీలి మేక గిట్టలా ఉంటుంది కనుక శాస్త్రనామంలోనూ ఆ పోలికే చేరి ఐపోమియా పెస్‌కాప్రే అయింది. ఇసుక మీద పదుల అడుగులు పాకే ఈ తీగకు ప్రతి కణుపు దగ్గరా వేరు దిగుతుంది. ఊదా కలిసిన గులాబీ రంగు గరాటు పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది. ఆకు పలక, తొడిమె కలిసే చోట చిన్న తేనె గ్రంథులుంటాయి. పువ్వుతో సంబంధం లేని ఆ తేనె కోసం చీమలు వచ్చి తీగంతా తిరుగుతుంటాయి, అవి తిరిగినంతసేపూ ఆకు తినే పురుగులకు చోటుండదు. విత్తనం ఒంటినిండా గోధుమరంగు నూగు, లోపల గాలి గది. ఉప్పునీటిలో నెలల తరబడి తేలి ఇంకో ఖండపు ఒడ్డున మొలవగల విత్తనమది. దాని పక్కనే రావణాసురుడి మీసాలు అనే ముళ్ళగడ్డి, స్పినిఫెక్స్ లిట్టోరియస్. ఇందులో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఆడ మొక్క కంకి పండాక ముళ్ళ బంతిలా విడిపోయి, గాలికి తడి ఇసుక మీద దొర్లుతూ పోతూ దారిపొడుగునా గింజలు రాలుస్తుంది. పసుపు పూల లానేయా, గులాబీ పూల చిక్కుడు జాతి తీగ కెనవేలియా, దిబ్బ వెనకవైపు ఇసుకదాసరి కూర, ఏనుగు పల్లేరు, ఉత్తరాంధ్రలో మొగలి పొదలు కూడా ఈ జాబితాలోవే.

వీటన్నిటిలో ఈ వ్యాసం ఎక్కువసేపు ఆగదలచుకున్నది హైడ్రోఫైలాక్స్ మారిటిమా దగ్గర. కాఫీ, తొగరు కుటుంబమైన రూబియేసీకి చెందిన చిన్న పాకుడు మొక్క ఇది. దూరం నుంచి చూస్తే ఇసుక మీద అక్కడక్కడా ఆకుపచ్చ చుక్కలు తప్ప ఇంకేమీ కనబడదు. కాండంలో ఎక్కువ భాగం ఇసుక కిందే నడిచి, కొసలు మాత్రమే పైకి వస్తాయి. ఆకులు ఎదురెదురుగా, దళసరిగా, నీళ్ళు నింపుకున్నట్టు ఉంటాయి, పొడవు బొటనవేలి గోరును పెద్దగా మించదు. ఆకు సందులో ఒంటరిగా పూసే పువ్వుకు నాలుగు రెక్కలు, రంగు తెలుపులో కలిసీ కలవని లేత ఊదా. కాయ పలకలు దేరి, బెండు లాంటి తొక్కతో, పగలకుండా నీళ్ళలో తేలేందుకు తయారై ఉంటుంది. భారత, శ్రీలంక, థాయిలాండ్ తీరాల ఇసుకే దీని ప్రపంచం. ఆఫ్రికా తీరంలో దీనికి దగ్గరి బంధువులుగా ఎంచిన మొక్కలను తర్వాత వేరే ప్రజాతిగా విడదీశారు. దాంతో మన తీరం దీనికి మరింత ముఖ్యమైన ఇల్లయింది.

ఈ మొక్క శాస్త్రానికి పరిచయమైన కథ ఆంధ్ర తీరాన్నీ తాకుతుంది. లిన్నేయస్ కొడుకు 1781 నాటి గ్రంథానుబంధంలో దీనికి పేరు పెట్టాడు. ఆ అనుబంధంలోని భారతీయ మొక్కల్లో చాలా భాగం యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్ పంపినవి. లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ 1768లో తరంగంబాడిలోని డేనిష్ మిషన్‌కు వైద్యుడుగా వచ్చి, తర్వాత ఆర్కాటు నవాబు దగ్గరా, ఈస్టిండియా కంపెనీ దగ్గరా పనిచేశాడు. 1785లో ఆయన కన్నుమూసింది ఇప్పుడు కాకినాడలో కలిసిపోయిన జగన్నాథపురంలో. అక్కడికి దగ్గరలోనే, సామర్లకోటలో, విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి కంపెనీ వైద్యుడుగా ఉంటూ మొక్కలు సేకరించేవాడు, భారతీయ చిత్రకారుల చేత బొమ్మలు గీయించేవాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్ళాక ఆయన పేరుతో వెలువడిన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథం మూడు సంపుటాలు, 300 చిత్రాలతో ఈనాటికీ ప్రామాణికం. అంటే గోదావరి ముఖద్వారం చుట్టూ ఉన్న నేల భారత వృక్షశాస్త్రానికి తొలి బడుల్లో ఒకటి. అక్కడి దిబ్బల మీద ఏది ఎక్కడ మిగిలిందో అడుగడుగునా నమోదు చేసిన పటం ఈ ప్రాంతానికి ఉండవలసింది.

మరి ఇవి అరుదైనవేనా? ఇక్కడే మొదటి ఆక్షేపణ వస్తుంది. బాలబందు తీగ బ్రెజిల్‌లోనూ ఉంది, ఆస్ట్రేలియాలోనూ ఉంది. హైడ్రోఫైలాక్స్ మూడు దేశాల తీరాల్లో ఉంది. భారత వృక్ష పరిశీలన సంస్థ 1987 నుంచి 1990 వరకు మూడు సంపుటాలుగా వెలువరించిన రెడ్ డేటా గ్రంథం ప్రధానంగా పట్టించుకున్నది ఒక కొండకో, ఒక లోయకో పరిమితమైన స్థానిక జాతులను. ఆ కొలతతో చూస్తే తీరపు మొక్కలు అరుదైనవి కావు. కానీ అరుదుదనానికి కొలత ఒకటే కాదు. డెబోరా రాబినోవిట్జ్ అనే అమెరికన్ జీవావరణ శాస్త్రవేత్త 1981లో మూడు ప్రశ్నలు ముందుపెట్టింది: జాతి ఎంత విస్తీర్ణంలో ఉంది, ఎన్ని రకాల నివాసాల్లో బతకగలదు, ఉన్నచోట ఎన్ని మొక్కలుంటాయి. ఈ మూడింటి కలయికల్లో ఎనిమిది స్థితులు ఏర్పడితే, వాటిలో ఏడు ఏదో ఒక రకంగా అరుదైనవే. తీరపు పూలది రెండో ప్రశ్న తాలూకు అరుదుదనం. వేల కిలోమీటర్ల పొడవునా ఉంటాయి, కాని ఒకే ఒక్క రకం నేలలో, అదీ సన్నని గీతలా. గీత పొడవు చూసి నిశ్చింతగా ఉంటే, దాని వెడల్పు సున్నా అయిన సంగతి చివరిదాకా తెలియదు.

సముద్రానికి దూరంగా ఉన్నవారికి ఈ సంగతి వింతగా తోచవచ్చు గాని, ఇలాంటి అరుదుదనం దక్కన్ మీదా ఉంది. సికింద్రాబాద్ మారేడ్‌పల్లి నుంచి మౌలాలి వైపు వెళితే తగిలే గ్రానైట్ గుట్టల్లాంటి చోట్ల, వానాకాలంలో బండల మీది పల్లపు గుంటల్లో నాలుగు వేళ్ళ లోతున నీరు నిలుస్తుంది. అలాంటి పలచని తడి మట్టిలో దేశమంతటా వ్యాపించిన జాతులే, పురుగుల్ని పట్టే డ్రోసెరా, యుట్రిక్యులేరియా వంటివి, కొన్ని వారాల పాటు పూస్తాయి. బండను పగలగొట్టాక ఆ జాతి ఇంకెక్కడో ఉందన్న మాట ఆ గుట్టకు పనికిరాదు. జంటనగరాల్లో బండల్ని కూడా వారసత్వ సంపదగా గుర్తించాలన్న ఆలోచన క్రమంగా బలపడి, కొన్ని శిలాకృతులకు రక్షణ దొరికింది. తీరపు దిబ్బకు ప్రజల్లో అంతటి పేరు రాలేదు. బండ కంటికి ఆనుతుంది, దిబ్బ నిరుడు ఉన్న చోట ఈ ఏడు ఉండదు.

అలా కదలడమే దిబ్బకు ప్రాణం. సముద్రపు గాలి పొడి ఇసుకను లోపలికి తోస్తుంది. ఏదైనా మొక్క అడ్డం తగిలితే గాలి వేగం తగ్గి ఇసుక అక్కడ రాలుతుంది. రాలిన ఇసుక మొక్కను పూడ్చేస్తుంది. మామూలు మొక్క అయితే చచ్చిపోవాలి. బాలబందు, ముళ్ళగడ్డి, హైడ్రోఫైలాక్స్ పూడ్చిన కొద్దీ కొత్త కణుపు నుంచి పైకి లేస్తాయి, అక్కడ కొత్త వేళ్ళు దించుతాయి. మళ్ళీ ఇసుక, మళ్ళీ కణుపు. దిబ్బ ఎత్తు పెరగడానికి మొక్క ఎంత కారణమో, మొక్క ఆరోగ్యంగా ఉండడానికి పూడ్చుకుపోవడం అంత కారణం. ఐరోపా తీరాల్లో మారమ్ గడ్డి మీద చేసిన పరిశీలనల్లో ఇది బాగా తేలింది. కొత్త ఇసుక రావడం ఆగిన చోట ఆ గడ్డి వేళ్ళకు చీడలు ముసిరి క్షీణిస్తుంది. నెదర్లాండ్స్ వాళ్ళు శతాబ్దాల పాటు దిబ్బల్ని కదలకుండా బిగించి, చివరికి 1997లో స్కోర్ల్ దగ్గర ముందు దిబ్బను తామే కోసి, సముద్రానికీ గాలికీ దారి విడిచారు. నేలలో కొంత భాగం సముద్రమట్టం కన్నా దిగువనున్న దేశమే ఆ సాహసం చేసిందంటే, ఇసుక కదలికను శత్రువుగా చూసే అలవాటును మనం ఒకసారి ప్రశ్నించుకోవచ్చు.

దిబ్బకు ఇంకో ఉపయోగం ఉంది, అది నీళ్ళ రూపంలో. ఇసుకలో ఇంకిన వాన నీరు బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఒక మంచినీటి పొరగా నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన మీటరు ఎత్తున ఆ నీరుంటే, కింద సుమారు నలభై మీటర్ల దాకా దాని ఒత్తిడి ఉప్పును ఆపగలదని భూగర్భజల శాస్త్రం చెబుతుంది. అలల చప్పుడు వినిపించే దూరంలో మత్స్యకారుల పల్లెలు చెలమ తవ్వి తియ్యటి నీళ్ళు తోడుకోగలగడం ఈ పొర పుణ్యమే. దిబ్బను చదును చేసి, వెనక ఉప్పునీటి చెరువులు తవ్విన చోట ఆ పొర పలచబడుతుంది. తీరంలో రొయ్యల సాగు విచ్చలవిడిగా పెరిగిన రోజుల్లో ఈ నష్టం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1996 డిసెంబరులో తీరప్రాంత నియంత్రణ పరిధిలోని చెరువుల్ని తొలగించమని తీర్పు వచ్చింది. 2005 నాటి తీర జలచరాల సాగు చట్టం తర్వాత ఆ రంగం మరో దారిన స్థిరపడింది. దిబ్బ మొక్కల గురించి ఆ చర్చల్లో ఎంత మాట్లాడారో గాని, వాటి వేళ్ళకు తడి ఇచ్చేది కూడా ఆ పొరే.

ఇంతకూ ఈ ఇసుక ఎక్కడిది? చాలావరకు నదులది. అల వెనక్కి తీసిన చోట తడి ఇసుక మీద నల్లటి చారలు కనబడితే అది ఇల్మనైట్, ముదురు గులాబీ చారలు గార్నెట్. తూర్పు కనుమల ఖొండలైట్ రాళ్ళు అరిగి వచ్చినవి అవి. తెల్లటి గింజ క్వార్ట్జ్, దక్కన్ గ్రానైట్ నుంచి కూడా వచ్చి ఉంటుంది. గోదావరి, కృష్ణ, వంశధార, నాగావళి, పెన్న తెచ్చి పోస్తేనే ఒడ్డు వెంబడి ప్రవాహం ఆ ఇసుకను పంచుతుంది. గోదావరి ఒండ్రు 1970ల్లో ఏటా సుమారు 15 కోట్ల టన్నులు కాగా, 1990ల్లో 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. పరిశోధకులు దీనికి ముఖ్య కారణంగా చూపింది నది మీదా ఉపనదుల మీదా కట్టిన జలాశయాలను. అదే కాలంలో డెల్టా ముందు అంచు కోతకు గురైంది. మారేడ్‌పల్లిలో కుళాయి తిప్పినప్పుడు మంజీర మీది సింగూరు, గోదావరి మీది ఎల్లంపల్లి జంటనగరాలకు ఎంత ముఖ్యమో గుర్తుకొస్తుంది. ఆ నీళ్ళు తాగడం తప్పు కాదు, నీళ్ళు తోడుకున్నందువల్ల ఇసుక ఆగిపోయిందీ కాదు. సాగుకూ విద్యుత్తుకూ తాగునీటికీ కట్టిన పెద్ద జలాశయాలన్నీ కలిసి ఇసుకను లోపల పట్టేస్తున్నాయి. తీరపు పువ్వు నివాసం కొబ్బరి చెట్ల వెనక మొదలు కాదు, వందల కిలోమీటర్ల ఎగువన, నదీగర్భంలో మొదలవుతుందని చెప్పడానికే ఈ లెక్క.

ఎగువ నుంచి వచ్చేది తగ్గితే, వచ్చినదాన్ని కూడా నిలవనీయని పనులు ఒడ్డున జరిగాయి. వాటిలో అన్నిటికన్నా మంచి ఉద్దేశంతో జరిగింది సరుగుడు నాటడం. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో మద్రాసు రాజధానిలో రైలు ఇంజన్లకు కట్టెలు కావలసి వచ్చి, ఇసుక నేలల్లో త్వరగా పెరిగే ఈ చెట్టును తీరం వెంబడి పెంచడం మొదలైంది. అండమాన్, ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాలు దీని స్వస్థలం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయాక సరుగుడు తీర రక్షణకు మారుపేరైపోయింది. 2004 సునామీ తర్వాత కోరమండల్ తీరంలో ఆ ఊపు మరింత పెరిగింది. రైతుకు నాలుగైదేళ్ళలో కోతకొచ్చే పంట, కాగితపు మిల్లుకు గుజ్జు, పట్నంలో కట్టడాలకు, పందిళ్ళకు కర్ర. మారేడ్‌పల్లి గల్లీలో అపార్ట్‌మెంటు లేస్తుంటే చుట్టూ కట్టే సరుగుడు కర్రల్లో కోస్తా ఇసుకన పెరిగినవి ఉంటాయి. ఇన్ని మేళ్ళు చేసే చెట్టును తప్పుపట్టాలంటే గట్టి కారణాలుండాలి.

కారణాలు ఉన్నాయి. సరుగుడు వేరులోని బుడిపెల్లో ఉండే ఫ్రాంకియా సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. పొలానికి అది వరం, దిబ్బకు కాదు. నత్రజని లేమికి అలవాటు పడి, ఆ లేమి వల్లనే పోటీ లేకుండా బతికే మొక్కల మధ్యకు బలమైన కలుపు మొక్కలు వస్తాయి. రాలిన సూదుల్లాంటి రెమ్మలు నేల మీద చాపలా పరుచుకుంటాయి. దాని కింద పొడి ఇసుకలో మొలవాల్సిన విత్తనానికి వెలుతురు అందదు. దట్టమైన నీడలో బాలబందు కుంగిపోతుంది, హైడ్రోఫైలాక్స్ సంగతి సరేసరి. గాలి ఆగిపోవడంతో పూడ్చే ఇసుకా ఆగిపోతుంది. పై పేరాల్లో చెప్పిన మారమ్ గడ్డి పాఠం ఇక్కడ వర్తిస్తుంది. పోటు గీత దాకా చెట్లు నాటిన చోట గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలుకు కూడా కావలసిన, చెట్లు లేని వెడల్పైన ఇసుక మిగలదు. తోటల పెంపకంలో దిబ్బ చదునవుతుంది. చదునైన దిబ్బ పెరగదు.

ఇక అసలైన ఆక్షేపణ: పూల కోసం మనుషుల ప్రాణాల్ని ప్రమాదంలో పెట్టాలా? పెట్టకూడదు, ఈ వాదన ఆ పని చేయడం లేదు. సాక్ష్యాన్ని నిదానంగా చూస్తే చాలు. సునామీ తర్వాత కడలూరు ప్రాంతంలో జరిపిన అధ్యయనం ఒకటి, మడ అడవులూ సరుగుడు తోటలూ వెనకనున్న పల్లెల నష్టాన్ని తగ్గించాయని 2005లో ప్రకటించింది. తమిళనాడు పల్లెల మీద వచ్చిన మరో అధ్యయనాన్ని 2006లో ఇతరులు మళ్ళీ లెక్కించి, ఊరు సముద్రానికి ఎంత దూరం, ఎంత ఎత్తున ఉంది అన్న రెండు విషయాలు కలిపి చూశాక చెట్ల పాత్ర చాలా చిన్నదని తేల్చారు. రెండిటినీ పక్కపక్కన పెడితే ఒక విషయం స్పష్టమవుతుంది: ఎత్తు ముఖ్యం. ఎత్తును ఇచ్చేది దిబ్బ. తుఫాను అల ముందు దిబ్బను కొరుకుతుంది, ఆ ఇసుక సముద్రంలో గట్టుగా ఏర్పడి తర్వాతి అలల బలం తగ్గిస్తుంది, ప్రశాంత కాలంలో తిరిగి ఒడ్డుకు వచ్చి గాలితో మళ్ళీ దిబ్బవుతుంది. ఆ చక్రం తిరిగి మొదలుకావాలంటే ఒడ్డున ఇసుకను పట్టే పాకుడు మొక్కలుండాలి. కాకినాడ దగ్గర ఉప్పాడలో కోత ఎంత తీవ్రమో, రాతిగోడలూ ఇసుక సంచుల గొట్టాలూ ఎంతకాలం నిలిచాయో అక్కడివారికి తెలిసిందే. గోడకు ముందున్న ఒడ్డు తరిగిపోవడం చాలా దేశాల్లో కనబడిన విషయం. కనుక సరుగుడు కావలసిందే అనుకున్నా, అది దిబ్బ వెనక, ఊరి వైపు ఉండాలి. దిబ్బ ముందరి వాలు మీద కాదు.

బతుకుతెరువు సంగతి దీనికన్నా సున్నితమైనది. తీరంలో పట్టా పొంది సరుగుడు వేసుకున్న చిన్న రైతులు, కట్టెలు అమ్ముకుని బతికే ఆడవాళ్ళు, పశువుల్ని దిబ్బ మీదికి తోలే కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళను తొలగించే రక్షణకు న్యాయం లేదు, అమలూ కాదు. అయితే ముందు దిబ్బ మీద పెద్ద ఒత్తిడి చాలాచోట్ల వాళ్ళది కాదు: బీచ్ రోడ్ల విస్తరణ, రిసార్టుల పచ్చిక, ఒడ్డున తిరిగే వాహనాలు, ఖనిజాల కోసం ఇసుక తవ్వకం. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా ఉన్న భారీ ఖనిజపు ఇసుక ఈ చివరి ఒత్తిడికి మూలం. గార్నెట్, ఇల్మనైట్ వేరుచేసి మిగిలిన ఇసుకను తిరిగి పోసినంత మాత్రాన దిబ్బ తిరిగి రాదు. గింజల పరిమాణం, పొరలు, అందులోని విత్తనాల నిల్వ అన్నీ చెదిరిపోతాయి.

చట్టం ఈ విషయాన్ని పూర్తిగా మరచిపోలేదు. 1991 నుంచీ తీర నియంత్రణ నోటిఫికేషన్లు దిబ్బల్ని చదును చేయడాన్ని అడ్డుకుంటూనే వచ్చాయి. 2011లోనూ, 2019 జనవరి 18 నాటి నోటిఫికేషన్‌లోనూ దిబ్బలు అత్యంత సున్నితమైన ప్రాంతాల జాబితాలో మడ అడవులతో సమానంగా ఉన్నాయి. తేడా వివరాల్లో ఉంది. వెయ్యి చదరపు మీటర్లు మించిన మడ అడవి చుట్టూ 50 మీటర్ల రక్షణ పట్టీ అని నిబంధన ఉంది. కదిలే స్వభావం గల దిబ్బకు దాని వెనక, అది జరగడానికి వీలుగా, ఇంత స్థలం వదలాలని అలాంటి నియమం లేదు. పైగా జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 మించిన గ్రామీణ తీరంలో నిర్మాణాలు నిషిద్ధమైన పట్టీ 200 నుంచి 50 మీటర్లకు తగ్గింది. నేటి దిబ్బ గీతను పటంలో గీసి అదే శాశ్వతం అనుకుంటే, రేపటి దిబ్బకు చోటు అప్పుడే పోయినట్టు.

మన తీరంలో దిబ్బకు గౌరవం దక్కిన ఉదాహరణ ఒకటుంది. విశాఖపట్నం, భీమునిపట్నం మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్ళ కిందట గాలి పేర్చిన ఇసుక, ఇనుప ఆక్సైడ్ పూతతో ఎర్రబడి వానకు లోయలుగా కోసుకుపోయినది. దీన్ని భూగర్భ వారసత్వ ప్రదేశంగా గుర్తించారు. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా చేరింది. సంతోషించదగ్గ విషయమే. కాని అక్కడ గౌరవం గతించిన ఇసుకకు. ఆ దిబ్బల పాదం దగ్గర, ఇప్పటి గాలి పేరుస్తున్న తెల్ల ఇసుక మీద మొలిచే పూలకు ఆ గుర్తింపులో ప్రత్యేక స్థానం లేదు. ఎర్ర దిబ్బలు ఏర్పడిన ప్రక్రియ ఇప్పటికీ నడిచేది ఈ తెల్ల దిబ్బల్లోనే. రెండిటినీ కలిపి కాపాడితే తప్ప ఆ చరిత్ర మధ్యలో తెగిపోయినట్టవుతుంది.

మడ అడవుల వైపు చూస్తే ఇందుకు భిన్నమైన కథ. 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లకు పైగా తెల్లమడ, నల్లమడ, తిల్ల, కలింగ చెట్లను కాపాడుతోంది. సైఫిఫోరా అనే చిన్న పూల చెట్టు, ఇదీ రూబియేసీ కుటుంబమే, ప్రపంచ జాబితాలో ఆందోళన అక్కర్లేనిదైనా గోదావరి, కృష్ణ మడల్లో అరుదు. ఈ ప్రాంతపు మడ మొక్కల పరాగసంపర్కం మీద ఆంధ్ర విశ్వకళాపరిషత్ వృక్షశాస్త్రజ్ఞులు సంవత్సరాల తరబడి పనిచేశారు. ఒకే నదీముఖంలో బురద మీది మొక్కకు అభయారణ్యం, పరిశోధన, సందర్శకుల వంతెన ఉన్నాయి. ఇసుక మీది మొక్కకు వాటిలో ఏదీ దక్కలేదు. ప్రజల మనసులో అడవి అంటే చెట్టు. చెట్టు లేని నివాసాన్ని కాపాడమని అడగడానికి మాట కూడా దొరకదు.

విత్తనాలు భద్రపరిచి, ఉద్యానవనాల్లో పెంచితే సరిపోదా అన్న ప్రశ్న చివరిది. బాలబందు కుండీలోనూ పాకుతుంది, హైడ్రోఫైలాక్స్‌నూ కొన్నాళ్ళు బతికించవచ్చు. కాని అక్కడ దానిని పూడ్చే ఇసుక లేదు, ఉప్పు తుంపర లేదు, అల మోసుకుపోయే కాయకు అవతలి ఒడ్డు లేదు. జాతి మిగులుతుంది, అది చేసే పని మిగలదు. పైగా ఈ మొక్కల్ని స్వస్థలంలో తిరిగి నిలబెట్టడానికి అయ్యే ఖర్చు సరుగుడు నర్సరీకి అయ్యే దానికన్నా తక్కువే కావచ్చు. బాలబందుకు నర్సరీ సంచి అక్కర్లేదు. నాలుగైదు కణుపులున్న తీగ ముక్కను వానలు పడ్డాక, పోటు గీతకు ఎగువన, రెండు కణుపులు తడి ఇసుకలోకి దిగేలా పూడిస్తే వేరు పడుతుంది. ముళ్ళగడ్డిని కూడా వేరు పట్టిన కాండపు ముక్కలతోనే నాటవచ్చు, ఆడ మగ మొక్కలు రెండూ ఉండేలా చూసుకోవాలి. మొదటి ఏడాది పశువులూ బళ్ళూ రాకుండా వెదురు, తాటి మట్టల కంచె చాలు. ఆ కంచె ఇసుకను కూడా పడుతుంది. హైడ్రోఫైలాక్స్ వంటి అరుదైనవి ముందే ఉన్న చోట వాటిని పెకలించి తేవడం కాకుండా, వాటి పక్కన గాలి దిశలో ఖాళీ ఇసుక వదలాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలానికి ముందొకసారి, తర్వాతొకసారి దిబ్బ ఎత్తునూ, పచ్చని గీత వెడల్పునూ ఒకే చోట ఏటా కొలిచి పంచాయతీ దగ్గరా, దగ్గరలోని కళాశాల వృక్షశాస్త్ర విభాగం దగ్గరా రాసి ఉంచితే, ఎక్కడ సరుగుడు వెనక్కి జరగాలో, ఎక్కడ ఉన్నచోటనే ఉండవచ్చో ఆ కొలతలే చెబుతాయి.